పెరట్లో చేసిన లోడరు గడియ

ముప్పై ఏళ్ళకు పైగా హైడ్రాలిక్ ఫిట్టరుగా పనిచేసి ఇంట్లో కూర్చున్న మనిషికి మధ్యాహ్నం కునుకులో ఏం కనిపిస్తుందనుకుంటున్నారు? నాకైతే రెండు ఇనప పిన్నులు కనిపిస్తాయి. ట్రాక్టరు ముందు అడ్డంగా ఒక చట్రం, దానికి రెండు చివర్లా ఆ పిన్నులు. చప్పుడు లేకుండా బయటికి వస్తాయి, చప్పుడు లేకుండా లోపలికి పోతాయి. నా సర్వీసులో ఆయిలు తోపుతో కదిలే జాకీలు ఎన్ని విప్పానో, ఎన్ని పంపులు బిగించానో చెప్పలేను. వాటిలో ఒక్కటీ కలలోకి రాదు. ఇంట్లో పెరట్లో కూర్చుని, పైసా తీసుకోకుండా గొప్ప పని అనుకుని చేసినది మాత్రం వదలకుండా వస్తుంది.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న మీలాంటి కుర్రవాళ్ళకు నేను నేర్పేది ఏమీ లేదు. ఫోనులో వీడియో చూసి వాల్వు విప్పేస్తున్నారు, చూస్తున్నాను. నేను చెప్పబోయేది పని సంగతి కొంచెమే. మిగతాదంతా నోరు విప్పని సంగతి.

నేను పనిచేసిన వర్క్‌షాపు నందిగామలో, హైవే పక్కన. ఇల్లు జగ్గయ్యపేట. రోజూ బస్సులో పోయి రావడం. కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఇక నేను ఈ లోకంలో ఉండేవాణ్ణి కాదు. పత్తి సీజన్లో లారీలు పోయిన దారంతా చిల్లకంప ముళ్ళ మీద దూది పట్టుకుని ఉండేది. పొద్దుటి ఎండలో అది చూస్తూ ఏ పైపు ఎటు తిప్పాలి, ఏ లీవరుకు ఏ జాకీ కలపాలి అని మనసులోనే బిగించుకుంటూ పోయేవాణ్ణి. అట్లా రెండుసార్లు నందిగామ దాటిపోయి కంచికచర్లలో దిగాను. ఒకసారైతే పరిటాల ఆంజనేయస్వామి ఎదురుగా నిలబడితే గానీ తెలివి రాలేదు. ఆ రోజు షాపుకు ఆలస్యంగా పోతే మా మేస్త్రి, "స్వామి దర్శనం బాగా జరిగిందా?" అని అడిగాడు. నేను చెప్పకుండానే ఆయనకు ఎట్లా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లోనే పరిచయమయ్యాడు పెనుగంచిప్రోలు డ్రైవరు. నా ఈడువాడే. వరసకు ఏమీ కాడు. ట్రాక్టరు రిపేరుకు తెచ్చిన మొదటి రోజే "బావా, టీ తాగొద్దామా" అన్నాడు, ఇక అదే పిలుపు ఖాయమైపోయింది. అంతకుముందు లారీ నడిపేవాడు. లోడు మీద తాడు కడుతూ జారిపడి కుడి మోకాలు చితగ్గొట్టుకున్నాడు. సీటు మీద కూర్చుంటే ఆయన్ని మించిన పనివాడు లేడు. లోడరు బకెట్టుతో నేల మీద పడిన నిమ్మకాయను చితక్కుండా ఎత్తగలడు. దిగడం, ఎక్కడంతోనే వచ్చింది తంటా.

ఆ ట్రాక్టరుకు ముందు బరువులెత్తే లోడరు ఉంది. మట్టికీ పశువుల ఎరువుకూ బకెట్టు కావాలి. వరిగడ్డికీ పత్తి బస్తాలకూ బకెట్టు తీసేసి పొడుగాటి ఇనప పళ్ళున్న ఫోర్కు తగిలించాలి. అది మార్చాలంటే డ్రైవరు దిగాలి, సుత్తితో కొట్టి రెండు పిన్నులు ఊడదీయాలి, మళ్ళీ ఎక్కి బండిని ఫోర్కు దగ్గరికి పోనివ్వాలి, మళ్ళీ దిగి పిన్నులు కొట్టాలి. రోజుకు నాలుగైదుసార్లు. ప్రతిసారీ ఆయన మడ్‌గార్డు పట్టుకుని, పళ్ళు బిగించి, ఎడమకాలు ముందు ఆనించి దిగడం నేను కళ్ళారా చూశాను.

బండి యజమాని ఒక రైతు, ఆడమనిషి. భర్త పోయాక పొలం, బండి, కళ్ళం అన్నీ తనే చూసుకునేది. మేమంతా అక్కగారూ అనేవాళ్ళం. చెడ్డది కాదు, పని ఆగితే ఊరుకునేది కాదు, అంతే. ఆమె కూడా ఆ దిగడం చూసింది. "ఈ పత్తి సీజను దాకా చూస్తానయ్యా, ఆ తర్వాత వయసులో ఉన్నవాణ్ణి పెట్టుకుంటా. ఏమనుకోబాక" అని ముందే చెప్పేసింది.

ఒక ఆదివారం ఆయన జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చాడు. పెరట్లో మునగచెట్టు కింద మంచం వేశాను. మునగపూలు రాలుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"బావా, నేను సీటు మీద కూర్చునే బకెట్టు ఊడాలి, ఫోర్కు తగులుకోవాలి. అట్టా చెయ్యలేవా?" అన్నాడు ఉన్నట్టుండి.

"బయట దేశాల్లో ఉన్నయ్యంట బావా. ఇక్కడ యాడ దొరుకుద్ది?" అన్నాను నేను.

"దొరికేదయితే నీ దగ్గరికి ఎందుకొస్తా?"

ఆ మాటకు నేను పడిపోయాను. పొగడ్తకు లొంగనివాణ్ణని పేరుంది నాకు, అది ఉత్త పేరే.

తర్వాత రెండు నెలలు ఆదివారాలన్నీ పెరట్లోనే. మా ఆవిడ చీరల అట్టపెట్టెలు కత్తిరించి నమూనాలు చేశాను. బట్టలుతికే బండ మీద చాక్‌పీసుతో గీతలు గీశాను. బెజవాడ ఆటోనగర్లో పాత ఇనుములో ఒక లారీ స్టీరింగు జాకీ దొరికింది, మూరెడు పొడుగు కూడా లేదు, ముచ్చటగా ఉంది. దాన్ని చట్రం మధ్యలో పెట్టి, రెండు వైపులా రెండు పిన్నులకు కలిపాను. సీటు పక్కన లీవరు ఒకవైపు నొక్కితే ఆయిలు వచ్చి పిన్నుల్ని బయటికి తోస్తుంది, అవి బకెట్టు వెనక ఉన్న ఇనప చెవుల చిల్లుల్లోకి దూరతాయి. రెండోవైపు నొక్కితే ఆయిలే వెనక్కి లాగుతుంది, బకెట్టు ఊడుతుంది. తలుపుకు గడియ వేయడం, తీయడం లాంటిదే. మా ఆవిడ దానికి గడియ అనే పేరు పెట్టింది. గ్రైండింగు నిప్పురవ్వలు ఆరబెట్టిన వడియాల మీద పడ్డప్పుడు ఇంకా చాలా పేర్లు పెట్టింది.

పూర్తికావచ్చాక ఒకరోజు మా మేస్త్రికి కాగితం మీద గీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "గడియ తీయడానికి ఆయిలు వాడుకో. వెయ్యడానికి మాత్రం స్ప్రింగు పెట్టు. ఆయిలు కారిపోయినా స్ప్రింగు పట్టుకుని ఉంటది" అన్నాడు. "అట్టాగేనండి" అన్నాను.

పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆ తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. దసరా దగ్గరపడింది, ఆయుధపూజ నాటికి బండికి బిగిస్తానని మాటిచ్చాను, అదొక కారణం. అసలు కారణం చెబితే నవ్వుతారు. స్ప్రింగు పెడితే పిన్ను పడ్డప్పుడల్లా టప్పుమని కొడుతుంది. స్ప్రింగు లేకుండా ఆ పిన్నులు జారడం ఎంత బాగుండేదంటే, పెరట్లో ఎండ తగ్గే వేళ చేతిపంపుతో ఆయిలు కొడుతూ, అవి బయటికి వచ్చి లోపలికి పోవడం చూస్తూ అన్నం సంగతి కూడా మర్చిపోయేవాణ్ణి. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. ఎందుకైనా మంచిదని రెండు పిన్నులకూ ఎర్ర రంగు పట్టీ వేశాను. గడియ పూర్తిగా పడితే పట్టీ చట్రంలోంచి బయటికి జరిగి బకెట్టు చెవిలో దాక్కుంటుంది. పిన్ను వెనక్కి జారిందంటే చట్రానికీ చెవికీ నడుమ ఎర్రగా కనిపిస్తుంది. సీటు మీద నుంచి చూసుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దసరా ముందు ఆదివారం ఆయన బండి తెచ్చి మా వీధిలో ఆపాడు. బిగించాం. బకెట్టును వదిలి, ఫోర్కును తగిలించి, మళ్ళీ వదిలి, మళ్ళీ బకెట్టును తగిలించాడు. ఒక్కసారి కూడా దిగలేదు. నాలుగోసారి అయ్యాక ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. "ఇంకో పదేళ్ళు నడుపుతా బావా" అన్నాడు. వీధిలో జనం చూస్తుండగా నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. దాచుకోలేదు.

పండగనాడు పొద్దున్నే మా ఆవిడా నేనూ ఆటోలో పెనుగంచిప్రోలు పోయాం. అక్కగారి కళ్ళం మునేరుకు దగ్గరే. ఏటి మీద నుంచి చల్లటి గాలి, కడిగిన నేల వాసన, బంతిపూలు. బండిని ముందురోజు సాయంత్రమే కడిగి అక్కడ నిలబెట్టారట, బకెట్టు నేల మీద ఆనించి. అక్కగారు పసుపు, కుంకుమ పళ్ళెం పట్టుకుని స్టీరింగు దగ్గర మొదలుపెట్టి బోల్టు బోల్టుకూ బొట్టు పెట్టింది. లోడరు దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"తమ్ముడూ, నువ్వు చేసిన గడియ ఏదయ్యా? దానికి నిండుగా పెట్టాలి."

చూపించాను. చట్రానికి ఆ చివరా ఈ చివరా అరచేత్తో పసుపు రాసి, దాని మీద గుప్పెడు కుంకుమ అద్దింది. నేను పొంగిపోయి చూస్తున్నాను. పసుపు మీద ఎరుపు, దాని పక్కన ఇంకో ఎరుపు, పైన బంతిదండ. ఎంత బాగుందో. నా కళ్ళ ముందే పిన్ను వేలెడు వెనక్కి జారి ఉంది. నేను వేసిన రంగు నాకే కనిపిస్తోంది. కుంకుమ అనుకున్నాను.

రాత్రంతా నిలబడ్డ బండిలో వాల్వు గుండా ఆయిలు కొద్దికొద్దిగా జారిపోయి, పిన్నుల్ని పట్టుకునేది ఏదీ లేకుండా పోయిందన్నమాట. మేస్త్రి చెప్పిన స్ప్రింగు ఉంటే కదిలేవి కావు.

కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవరు బండి స్టార్టు చేసి, ముందుకు పోనిచ్చి నిమ్మకాయలు తొక్కించి, దణ్ణం పెట్టినట్టు బకెట్టును పైకి ఎత్తాడు. మనిషి ఎత్తు దాకా లేచింది. ఒకపక్క పిన్ను ఊడింది. బకెట్టు మెలి తిరిగి రెండో పిన్నును కూడా లాక్కుని కింద పడింది. హారతి పళ్ళెం దాని కింద అప్పడమైపోయింది. హారతిచ్చిన పళ్ళెం అక్కడ పెట్టి అక్కగారు మా ఆవిడకు కొబ్బరిచెక్క ఇవ్వడానికి పక్కకు వచ్చింది. రెండడుగులు, అంతే.

ఇంజను ఆగింది. బంతిపూల రేకులు ఇంకా గాలిలో తిరుగుతున్నాయి.

ముందు అక్కగారే తేరుకుంది. "జారితే ఎర్రగా కనపడుద్దని కదా చెప్పారు. కనపడలా?" అని డ్రైవరును అడిగింది.

"కనపడిందమ్మా. బొట్టనుకున్నా" అన్నాడు.

"రంగేదో బొట్టేదో తెలియని కళ్ళేసుకుని నా బండెక్కావా? కాలంటే సరే అనుకున్నా. కళ్ళు కూడా పోయినయ్యా? తాళం చెవి అక్కడ పెట్టు."

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేనేమైనా అంటానేమోనని చూశాడు, అంతే. నేను కింద పడ్డ పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన తాళం చెవి మడ్‌గార్డు మీద పెట్టి, ఎప్పటిలా ఎడమకాలు ముందు ఆనించి దిగి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

గడియను విప్పి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. పన్నెండు రోజులు అది పెరట్లో గోనెపట్టా కింద ఉంది. ఆ పన్నెండు రోజులూ నేను బస్సెక్కాను, దిగాను, జాకీలు విప్పాను, బిగించాను. ఒక్కరోజు కూడా నందిగామ దాటిపోలేదు. కిటికీలోంచి దూది కూడా చూడలేదు. స్ప్రింగు లేకపోవడం నా తప్పని అక్కగారికి చెప్పాలని పొద్దున అనుకునేవాణ్ణి, మధ్యాహ్నానికి ఏదో వంక దొరికేది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అనుకునేవాణ్ణి. ఆయన కాలికి ఎట్లాగూ ఆ పని కష్టమే కదా అని కూడా ఒకసారి అనుకున్నాను. ఆ ఆలోచన నాకే వచ్చిందంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పన్నెండో రోజు ఆదివారం. మా ఆవిడ పట్టా మీద నుంచి మునగాకు ఊడుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏవండీ, ఆ రోజు మీరు కూడా దానివైపే చూస్తన్నారు గదా. మీకేం కనపడింది?"

"కుంకుమ."

చీపురు ఆపింది. "ఆ మాట ఆయనకు చెప్పారా?"

చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అది చెప్పాల్సిన మాట అని కూడా నాకు అప్పటిదాకా తట్టలేదు. స్ప్రింగు సంగతే నా తప్పు అనుకుంటూ కూర్చున్నాను.

సోమవారం మేస్త్రి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. సొరుగులోంచి ఒక గట్టి స్ప్రింగు తీసి బల్ల మీద పెట్టి, "ఇయ్యాళ సెలవు తీసుకో" అన్నాడు. నేరుగా పెనుగంచిప్రోలు పోయాను.

అక్కగారు కళ్ళంలో పత్తి ఎండబోయిస్తోంది. నిలబడే చెప్పేశాను. మేస్త్రి చెప్పినా స్ప్రింగు పెట్టలేదని, పిన్ను జారడానికి అదే కారణమని, ఆ ఎరుపు నా కళ్ళకూ కుంకుమలాగే కనిపించిందని. ఆమె పత్తి కెలకడం ఆపింది.

"బొట్టు పెట్టిన చెయ్యి నాది గదా తమ్ముడూ. అంత దగ్గర్నుంచి పెట్టినదాన్ని, నాకు మాత్రం ఆ రంగు కనపళ్ళేదా? భయమేసి ఆయన్ని అనేసా. రేపణ్ణించి రమ్మని చెప్పు. ఆ స్ప్రింగు ముందు పెట్టు. రంగు మాత్రం ఎరుపు వద్దు, నీలం వెయ్యి" అంది.

ఆ వీధుల్లో నేను ఇంచుమించు పరిగెత్తుకుంటూ పోయాను. ఎండ బాగుంది, గాలి బాగుంది, అన్నీ సర్దుకున్నాయి. ఎప్పటిలా కలలోకి వెళ్ళిపోయాను. ఆయన బండెక్కుతాడు, గడియ పడుతుంది, ఇంకో పదేళ్ళు.

డ్రైవరు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖానికి కొత్త కళ్ళజోడు. నల్లటి లావు ఫ్రేము. దూరంగా పోతున్న ఆటో వెనక రాసినదాన్ని పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. ఒక కన్ను మూసి చదివాడు, అది తెరిచి రెండోది మూసి చదివాడు. అప్పుడు నన్ను చూశాడు.

నేను నోరు తెరిచేలోపే ఆయన భార్య మొదలుపెట్టింది. "చూడండి అన్నయ్యగారూ, నందిగామ కళ్ళ డాక్టరు దగ్గరికి రెండుసార్లు పోయాం. చూపు బాగానే ఉంది, ఈ వయసుకు ఇంతకంటే ఏం కావాలి అన్నాడాయన. ఈయన వింటేనా? అద్దాలు రాయందే లేవనని కుర్చీలో కూర్చున్నాడు. పొద్దస్తమానం ఆ బోర్డులు చదవటమే పని. క్యాలెండరు నన్ను పట్టుకోమని అంకెలు చదవటమే పని."

నేను మంచం మీద కూర్చున్నాను. అక్కగారు రమ్మన్న సంగతి ముందు చెబుదామని వచ్చినవాణ్ణి, అది నోట్లోనే ఆగిపోయింది.

"బావా, ఆ రోజు నేను కూడా అటే చూస్తన్నా. నేనేసిన రంగే అది. నాకూ కుంకుమలాగే కనపడింది" అన్నాను.

ఆయన మంచం మీద నా వైపు జరిగాడు.

"నీక్కూడానా?"

"నాక్కూడా."

"దగ్గర్నుంచేనా?"

"నాలుగడుగుల్లో ఉన్నా బావా."

కళ్ళజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచాడు. కళ్ళజోడు లేని ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖమే. "ఆ రోజే ఆ మాట అనుంటే సరిపోయేది గదా" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ వారమే స్ప్రింగు వేసి గడియ మళ్ళీ బిగించాను. అక్కగారు చెప్పినట్టు నీలం రంగు వేశాను. పడ్డప్పుడల్లా టప్పుమని వీధి చివరిదాకా వినిపించేది. ఆయన ఆ బండి మీద ఆరేళ్ళు నడిపాడు. ఆరేళ్ళలో బకెట్టు ఎప్పుడూ జారలేదు. అక్కగారు ఇంకో డ్రైవరు మాటే ఎత్తలేదు.

పని మీద పెనుగంచిప్రోలు వైపు పోయినప్పుడల్లా కళ్ళం దగ్గర ఆగేవాణ్ణి. కళ్ళజోడు ఎప్పుడూ ఉండేది, వానలో కూడా. గడియ పడేది, చప్పుడు వినేవాడు, మెడ సాచి చూసుకునేవాడు. అయినా ఎత్తేవాడు కాదు. పత్తి తీతకు వచ్చిన ఆడవాళ్ళో, దారిన పోయే రైతో, ఎవరో ఒకరు కనిపించేదాకా ఆగి, "కాస్త చూసి చెప్పండి, పిన్ను పడిందా?" అని అడిగేవాడు. వాళ్ళు తలూపితే అప్పుడు లీవరు మీద చెయ్యి వేసేవాడు.

నేను ఉంటే నన్నే అడిగేవాడు. దగ్గరికి పోయి, వంగి, వేలితో తడిమి చూసి, "పడింది బావా" అని గట్టిగా చెప్పేవాణ్ణి. అప్పుడు ఎత్తేవాడు.